గంట మోగిన వేళ తయారైన తూటా

యాదగిరి గారి రివాల్వర్ గొట్టంలో గుండు ఇరుక్కుపోయిందన్న కబురు నాకు మొదట చేరవేసినది మా ఆఫీసులో ఫోన్లు చూసే బ్రెండా. 2012 మార్చిలో ఒక సోమవారం పొద్దున, నేనింకా కోటు విప్పుతుండగానే, "నువ్వు తిరిగే ఏరియాలో ఒకాయన నిన్న వేళ్ళు పోగొట్టుకోబోయాడు, లవ్," అంది. మా యార్క్‌షైర్‌లో చిన్నాపెద్దా అందరినీ "లవ్" అనే పిలుస్తారు. బ్రెండా మా మేనేజరుని కూడా అలాగే పిలిచేది.

నా ఉద్యోగం గురించి ముందు రెండు మాటలు చెప్పాలి. 2008లో ఉత్తర ఇంగ్లండ్‌లోని ఒక పోలీసు దళంలో ఫైర్‌ఆర్మ్స్ ఎంక్వైరీ ఆఫీసరుగా చేరి, 2019లో రిటైరయ్యాను. పేరు గంభీరంగా ఉంటుంది కానీ యూనిఫామ్ లేదు, ఎవరినీ అరెస్టు చేసే అధికారం లేదు. తుపాకీ సర్టిఫికెట్ అడిగినవాళ్ళ ఇంటికి వెళ్ళడం, ఇనుప బీరువా గోడకు గట్టిగా బిగించారో లేదో లాగి చూడడం, మనిషితో మాట్లాడడం, చూసినది రిపోర్టుగా రాయడం. నిర్ణయం పైవాళ్ళది. కానీ ఆ పైవాళ్ళు మనిషిని చూడరు, నా రిపోర్టునే చూస్తారు. ఆ బరువు తెలిసి పని చేయాలి.

నేను బడి మొహం చూడని మనిషిని. చిన్నప్పుడు గుండె జబ్బని డాక్టర్లు బయట తిరగనివ్వకపోతే అమలాపురంలో మా నాన్న, అమ్మమ్మ ఇంట్లోనే చదువు చెప్పారు. పరీక్షలకు మాత్రం ప్రైవేటుగా వెళ్ళాను. అలాంటి నన్ను పరాయి దేశంలో ఒక పోలీసు దళం నమ్మి, ఎవరి చేతిలో తుపాకీ ఉండొచ్చో చూసి రమ్మని పంపింది. రోజూ కారు తాళం తిప్పే ముందు ఆ సంగతి తలుచుకుని స్వామికి ఒక నమస్కారం పెట్టుకునేదాన్ని. ఇప్పుడు కారు అమ్మేశాను. నమస్కారం అలవాటు పోలేదు.

బ్రిటన్‌లో మామూలు పిస్తోళ్ళను తొంభైల చివర్లోనే నిషేధించారు. అయినా చేతి తుపాకీ మీద మోజు వదలనివాళ్ళకు ఒక దారి మిగిలింది. దాన్ని లాంగ్ బారెల్ రివాల్వర్ అంటారు. గొట్టం అడుగు పొడుగు, పిడి వెనక నుంచి ముంజేయి వెంబడి సాగే ఒక ఇనుప కడ్డీ. ఎవరూ కోటు కింద దాచుకోలేకుండా చేయడమే దాని ఉద్దేశం. చూడ్డానికి గొడుగుకీ తుపాకీకీ పుట్టినట్టుంటుంది. యాదగిరి గారి దగ్గర ఉన్నది అదే.

దానికి తూటాలు ఆయనే ఇంట్లో తయారుచేసుకునేవారు. దీన్ని రీలోడింగ్ అంటారు. పేలిన తర్వాత తూటాలో మిగిలేది ఇత్తడి డొల్ల. దాన్ని పారేయకుండా శుభ్రం చేసి, అడుగున దెబ్బ తగిలితే పేలే కొత్త క్యాప్ బిగించి, లోపల తుపాకీ మందు పోసి, మూతి మీద గుండు నొక్కి కూర్చోబెడితే మళ్ళీ తూటా. సర్టిఫికెట్ ఉన్నవాళ్ళు తమ వాడకానికి చేసుకోవచ్చు. క్యాప్‌లు కొనేటప్పుడు దుకాణంలో సర్టిఫికెట్ చూపించాలి. నేను వెళ్ళిన ఇళ్ళల్లో చాలామంది ఇల్లాళ్ళు నన్ను అడిగే ప్రశ్న ఒకటే: ఇంత కష్టపడి చేసుకోవడంలో లాభం ఉందా, కొనుక్కుంటే పోలేదా? నాకు సరైన జవాబు తెలిసేది కాదు.

ఆ ఆదివారం జరిగింది ఇది. తుపాకీ సాధన చేసే క్లబ్బు రేంజిలో యాదగిరి గారు కాలుస్తున్నారు. ఢామ్మని పేలాల్సింది, ఒకసారి టప్పుమంది. అంతే. రేంజి ఆఫీసరు నార్మన్ అనే ఆయన, వెనక నిలబడి ఇంకెవరితోనో మాట్లాడుతున్నవాడు, ఆ చప్పుడు విని "స్టాప్! స్టాప్! స్టాప్!" అని అరిచాడు. యాదగిరి గారి వేలు అప్పటికే రెండోసారి ట్రిగ్గర్ మీద బిగుసుకుంటోంది. ఆయన ఆగారు. విప్పి చూస్తే గుండు గొట్టం మధ్యలో ఉంది. ఆ తూటాలో మందే లేదు. క్యాప్ బలంతో గుండు కొంతదూరం వెళ్ళి ఆగిపోయింది. దాని వెనక ఇంకో గుండు పేలి ఉంటే గొట్టం చీలేది, ఆయన చేయి కూడా. నార్మన్‌ను ఆ చోట నిలబెట్టినందుకు నేను ఎన్నిసార్లు దేవుడికి దండం పెట్టుకున్నానో.

క్లబ్బు నియమం ప్రకారం మాకు ఫోన్ చేశారు. మా పద్ధతి ప్రకారం విచారణ అయ్యేదాకా ఆయన తుపాకీ, తూటాలు మా స్టోరుకు వచ్చాయి. మనిషి అజాగ్రత్తా, వయసు మీద పడి మతిమరపా, లేక ఇంకేమైనానా అన్నది తేల్చి రాయడం నా పని. నాదీ యాదగిరి గారిదీ ఒకే భాష కాబట్టి వేరే ఆఫీసరును పంపమని మేనేజరుకు చెప్పాను. ఆయన తల ఎత్తకుండానే, "అలాగైతే యార్క్‌షైర్‌లో పుట్టిన నేను యార్క్‌షైర్ వాళ్ళను ఎవరినీ విచారించకూడదు. మీకు బంధువా? కాదు కదా. వెళ్ళిరండి," అన్నాడు.

యాదగిరి గారిది కాజీపేట. లీడ్స్‌లో ఒక డెంటల్ ల్యాబులో ముప్పై ఏళ్ళు కట్టుడు పళ్ళు తయారుచేసి, అంతకుముందు క్రిస్మస్‌కే రిటైరయ్యారు. గురువారం సాయంత్రం నేను వెళ్ళేసరికి భార్య సులోచన గారు తలుపు తీశారు. ఆయన వెనక నుంచే మాట కలిపారు.

"రా చెల్లె, కూసో. పోలీసోళ్ళు తెలుగోళ్ళను పంపిచ్చిండ్రంటే మంచిదే. ఏం లేదు, ఒక్క గుండు ఇరికింది. గంతే."

"గంతేనట!" అన్నారు సులోచన గారు. "వేళ్ళు పోతే అన్నం నేను కలిపి పెట్టాలె. గది గంతేనా?"

బీరువా చూశాను. ఖాళీ. తాళాలు ఎక్కడ పెడతారో, ఎవరికి తెలుసో అడిగాను. అన్నీ సరిగానే ఉన్నాయి. అప్పుడు నేను కూడా ఆ ఇల్లాళ్ళ ప్రశ్నే వేశాను. దుకాణంలో తయారు తూటాలు దొరుకుతుంటే ఇదంతా ఎందుకు అన్నగారూ, అని.

ఆయన తన కుడి మణికట్టు చూపించారు. కీళ్ళ దగ్గర వాచి ఉంది. "దుకాణపుది పేలంగనే చేతిని తంతది చెల్లె. నా చేతికి ఎంత ఓపుతదో గంతే మందు పోసుకుంట. ఇంకోటి, మందికి ముప్పై ఏండ్లు పండ్లు చేసిన. రెడీమేడ్ పండ్లు ఎవ్వల నోట్లనన్న సక్కగ కూసుంటయా? ఇది గూడ గట్లనే."

"పండ్లు పేలవు," అన్నారు సులోచన గారు, టీ కప్పులు తీసుకుంటూ.

ఆయన నవ్వారు. ఆవిడ నవ్వలేదు. చక్కెర డబ్బా చూపించే వంకతో నన్ను వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరగా వేశారు.

"అక్కా, నేను చెప్పిన్నని చెప్పకు. గా తుపాకి మళ్ళ ఇయ్యకుండ్రి," అన్నారు. గొంతు దించి చెప్పింది ఇది: గ్లాస్గోలో ఆవిడ బావగారికి మతి పోవడం ఇలాగే మొదలైంది. స్టవ్ మీద గిన్నె మరిచిపోవడం, చేసిన పని చేయలేదనుకోవడం. ఇప్పుడు ఆయనకు సొంత బిడ్డల పేర్లు తెలియవు. "ఈయన తోముకున్న బ్రష్షుకు మళ్ళ పేస్టు పెడ్తడు. మొన్న కారు తాళం ఫ్రిజ్‌ల దొరికింది. ఇగ తూటాల మందు పొయ్యడం మర్చిపోయిండు. ముప్పై ఏండ్ల పనితనం చెల్లిపోయె. పోలీసోళ్ళే తీసుకపోయిండ్రంటే ఆయన మనసు నొచ్చుకోదు. నేను వద్దంటె నొచ్చుకుంటడు."

నాకు అప్పుడు అర్థమైంది, ఆ ఇంట్లో తేలాల్సింది తుపాకీ సంగతి కాదు. నా రిపోర్టులో మతిమరపు అన్న మాట పడితే ఆయన సర్టిఫికెట్ పోతుంది. అక్కడితో ఆగదు. GP దగ్గరికి, అంటే ఇంటి డాక్టరు దగ్గరికి, అక్కడి నుంచి జ్ఞాపకశక్తి పరీక్షలకు, కారు లైసెన్సు దాకా పోతుంది. నిజంగా జబ్బే అయితే అలాగే పోవాలి. కాకపోతే, చేతి పని మీద బతికిన మనిషిని తన చేతుల్నే నమ్మకుండా చేసినవాళ్ళం అవుతాం.

"మీరు చెప్పింది రాయకుండా ఉండలేను, సులోచన గారూ. కానీ చూసింది కూడా రాస్తాను. నన్ను చూడనివ్వండి," అన్నాను.

ఆవిడ కళ్ళు తుడుచుకుని, చక్కెర డబ్బా నిజంగానే నా చేతికిచ్చారు.

మేడ మీద బాక్స్ రూము అనే చిన్న గదిలో ఆయన బల్ల. బల్ల అంచుకు బిగించిన ఒక చేతి ప్రెస్. పక్కనే మందు పోసే పరికరం: పైన గాజు డబ్బాలో మందు, కింద సన్నని గొట్టం. గొట్టం కింద డొల్ల పెట్టి మీట లాగితే ముందే నిర్ణయించినంత మందు అందులో పడుతుంది. ఎడమవైపు చెక్క పళ్ళెంలో ఖాళీ డొల్లలు, కుడివైపు తయారైన తూటాలు పెట్టే పళ్ళెం, ఇప్పుడు ఖాళీ. ల్యాబులో లాగే గోడకు పనిముట్లన్నీ వరసగా. ఎలా చేస్తారో నాకు చేసి చూపించమన్నాను. ప్రమాదం లేకుండా, అడుగున పేలిపోయిన క్యాప్‌లే ఉన్న డొల్లలతో. తర్వాత విప్పేయవచ్చు.

ఆయన చేసుకుంటూ పోయారు. ఎడమ నుంచి డొల్ల, గొట్టం కింద, మీట, ప్రెస్‌లోకి, గుండు, నొక్కు, కుడి పళ్ళెంలోకి. కళ్ళజోడు ముక్కు చివరికి జారినా ఎత్తుకోలేదు. చూస్తుంటే కళ్ళకు హాయిగా ఉంది. మతి పోయిన మనిషి చేతులు అలా ఉండవని అనుకున్నాను. కానీ అనుకోవడం రిపోర్టులోకి ఎక్కదు.

బయట చీకటి పడుతోంది. కింద పూజ అలమర దగ్గర గంట మోగింది.

యాదగిరి గారు చేతిలో పని అక్కడే వదిలి లేచారు. "దీపం చెల్లె, రా," అని కిందికి దిగారు. నేను కూడా దిగాను. సులోచన గారు హారతి పళ్ళెం పట్టుకుని నిలబడ్డారు. ఆయన కళ్ళకద్దుకున్నారు, నేనూ అద్దుకున్నాను. ఆవిడ బొట్టు పెట్టారు. ఒక నిమిషం కూడా పట్టి ఉండదు. నా మనసు ఆ నిమిషం ఎంత నెమ్మదించిందో చెప్పలేను. డ్యూటీలో ఉండగా ఒకరింట్లో హారతి దొరకడం అదే మొదటిసారి.

పైకి వచ్చాం. ఆయన కూర్చున్నారు. గొట్టం కింద డొల్ల ఉంది. దాన్ని తీసి ప్రెస్‌లో పెట్టి గుండు కోసం చేయి చాచారు.

"ఆగండి అన్నగారూ," అన్నాను.

"ఏమైంది?"

"దాంట్లోకి చూడండి."

ఆయన డొల్లను తీసి కిటికీ వైపు వంచారు. తర్వాత బోర్లించారు. బల్ల మీద ఒక్క రవ్వ కూడా రాలలేదు.

గంట మోగినప్పుడు డొల్లను గొట్టం కింద పెట్టారు. మీట లాగలేదు. తిరిగి వచ్చిన చేతులు ఆ తర్వాతి పనితో మొదలుపెట్టాయి. నిండిన డొల్లా, ఖాళీ డొల్లా ఆ గొట్టం కింద ఒకేలా కనబడతాయి. ఆయన డొల్లను బల్ల మీద నిలబెట్టారు. తర్వాత మెల్లగా, "ఇదే జరిగింది," అన్నారు.

సులోచన గారు హారతి పళ్ళెంతోనే గుమ్మంలో నిలబడి ఉన్నారు. "గంట నేను కొట్టిన," అన్నారు. "నేనే కొట్టిన." ఆ మాటలో భయం పోయిన తేలికా ఉంది, కొత్తగా వచ్చిన బరువూ ఉంది.

ఇన్నేళ్ళూ జరగనిది ఆ నెలలోనే ఎందుకు జరిగిందని నన్ను మేనేజరు అడిగాడు. మన ఊళ్ళో సంధ్యాదీపం వేళ ఏడాది పొడవునా కొంచెం అటూఇటూగా ఒకటే. ఇక్కడ డిసెంబరులో నాలుగు కాకుండానే చీకటి, జూన్‌లో తొమ్మిది దాటినా వెలుగు. సులోచన గారు గడియారం చూసి కాదు, కిటికీలోంచి ఆకాశం చూసి దీపం పెట్టేవారు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఆయన తూటాలు చేసింది ఆదివారం పొద్దుటి పూట. రిటైరయ్యాక సాయంత్రం టీ తాగి పైకి వెళ్ళి భోజనం వేళకు దిగడం మొదలుపెట్టారు. జనవరిలో ఆయన బల్ల దగ్గర కూర్చునే ముందే దీపం అయిపోయేది. ఫిబ్రవరి చివర్నుంచి పొద్దు పొడుగై, గంట సరిగ్గా ఆయన పని మధ్యలోకి వచ్చింది. మేనేజరు విని, "ఇది మా ఏ శిక్షణలోనూ లేదు," అన్నాడు.

జరిగినదాంట్లో ఇంకో సంగతి నేను ఆ ఇంట్లో దాచకుండా చెప్పాను. మీట లాగకుండా లాగాననుకుంటే మందు లేని తూటా. లాగి, లాగలేదనుకుని మళ్ళీ లాగితే రెండింతల మందు. ఆయన వాడే డొల్ల పెద్దది, రెండింతలు పోసినా పొంగి బయటపడదు. తుపాకీని చీల్చడానికి అలాంటి తూటాకు రెండో గుండు అక్కర్లేదు, నార్మన్ అరవడానికి వ్యవధి కూడా ఉండదు. దేవుడు ఆయనకు రెండు తప్పుల్లో చిన్నదాన్ని ఇచ్చాడు.

"మరి హారతి ఇడిసిపెట్టాల్నా?" అని అడిగారు యాదగిరి గారు.

నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. జపం చేసుకుంటుండగా ఎవరైనా పలకరించి మాట్లాడాల్సి వస్తే, ఏ పూస దగ్గర ఆగామో ఊహించకూడదు, మేరుపూస దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి అని నేర్పింది. నేను అదే చెప్పాను. లేవాల్సి వస్తే లేవండి. తిరిగొచ్చాక చేతిలో ఉన్నదాన్ని నమ్మకండి, బోర్లించి మొదట్నుంచి పోయండి.

"జపం లెక్కన్నట్టు," అన్నారాయన.

"మీకు జపం ఎక్కడిది, పొద్దున పేపరే చదువుతరు," అన్నారు సులోచన గారు. ఆ సాయంత్రం ఆవిడ నవ్వింది అప్పుడే.

రిపోర్టులో అన్నీ రాశాను. వంటింట్లో విన్నది, మేడ మీద చూసింది, రెండూ. పూజ కోసం లేచినా, ఫోన్ కోసం లేచినా మందు లేని తూటా ఒకటే కాబట్టి ఆ తేడాను సాకుగా రాయలేదు. GP అభిప్రాయం అడగమని సిఫారసు చేశాను. ఆ డాక్టరు క్లినిక్‌లో పరీక్షించి, వయసుకు మించిన మరుపు ఏమీ లేదన్నారు. క్లబ్బు ఆయన్ను నార్మన్ పక్కన కూర్చోబెట్టి పద్ధతి మార్పించింది. డొల్లలన్నిటిలో ముందు మందు పోసి పళ్ళెంలో వరసగా నిలబెట్టి, టార్చి వేసి ప్రతి దాంట్లోకీ చూసి, ఆ తర్వాతే గుండ్లు పెట్టాలి. మందు కూడా మార్చుకున్నారు. కొత్తది తక్కువ తూకానికే ఎక్కువ చోటు పట్టే రకం, రెండింతలు పోస్తే పొంగి పళ్ళెంలో పడుతుంది, కంటికి తెలుస్తుంది. హెచ్చరికతో తుపాకీ తిరిగి ఇచ్చారు.

ఆ శరదృతువులో, చలికాలం కోసం ఇక్కడ గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పే ముందు వారాల్లో, మళ్ళీ తనిఖీకి వెళ్ళాను. అదీ దీపం వేళే. మెట్లెక్కి చూస్తే బాక్స్ రూము గుమ్మం బయట సులోచన గారు నిలబడి ఉన్నారు. ఎడమచేతిలో గంట, దాని నాలుకను వేళ్ళతో పట్టుకున్నారు, చప్పుడు కాకుండా. కింద దీపం అప్పటికే వెలిగించి వచ్చారు. లోపల ఆయన టార్చితో వరస చూస్తున్నారు. చివరి గుండు నొక్కి, పళ్ళెం మీద గుడ్డ కప్పేదాకా ఆవిడ కదల్లేదు. తర్వాత వేళ్ళు వదిలి గంట మోగించారు. నన్ను చూసి, "దేవుడు నిలబడ్తడు అక్కా. ఆయనకేం తొందర?" అన్నారు.

2017లో మణికట్టు మరీ నొప్పి పెడుతోందని యాదగిరి గారే సర్టిఫికెట్ వదులుకున్నారు. తుపాకీ తీసుకోవడానికి నేనే వెళ్ళాను. ఇంట్లో తూటాలు చేసుకోవడం లాభమేనా అని చివరిసారి అడిగాను. "పైసలేం మిగల్లేదు చెల్లె, మిగిలినయి మిషన్లకే పోయినయి," అన్నారు. "కాని నా చేతికి సరిపోయే తూటా నాకు దొరికింది. నా పనిని ఇంకొకసారి సూసుకోవాలన్న బుద్ధి గూడ దొరికింది. గది దుకాణంల ఇయ్యరు."

ఆ తర్వాత ఎవరు అడిగినా నా జవాబు ఇదే: మధ్యలో ఎవరైనా పిలిస్తే, చేసినదాన్ని బోర్లించి మళ్ళీ మొదలుపెట్టే ఓపిక ఉన్నవాళ్ళకు లాభం. లేనివాళ్ళు కొనుక్కోవడం మంచిది. ఉద్యోగానికి సంబంధించి నేర్చుకున్నది ఇంకొకటి. ఒక మనిషి తప్పు చేశాడని వింటే అతని బుర్రను తప్పుపట్టే ముందు, ఆ వేళకు ఆ ఇంట్లో ఏం జరుగుతుందో వెళ్ళి చూడాలి. ఆ తర్వాత నేను చేసిన విచారణల్లో వీలైనంతవరకూ, పని జరిగిన వేళకే ఆ ఇంటికి వెళ్ళాను.

సులోచన గారు 2018లో పోయారు. దీపం ఇప్పుడు యాదగిరి గారే పెడుతున్నారు. మీరు సాయంత్రం దీపం పెట్టి గంట చేతిలోకి తీసుకున్నప్పుడు, లోపల ఎవరైనా పనిలో ఉన్నారేమో ఒకసారి చూడండి. ఉంటే, వాళ్ళు ముగించేదాకా గంట నాలుక పట్టుకుని నిలబడ్డ సులోచన గారిని తలుచుకోండి.